"షి ఈజ్ లాంగ్ హెయిర్" అంటున్నారు: నాలుగో తరగతి పిల్లలతో మనుషుల మధ్య తేడాలు ఇంగ్లిష్‌లో చెప్పించడం ఎలా?

సుద్దముక్క:

నమస్తే అండీ. నాలుగో తరగతి, 32 మంది. పేరుకి ఇంగ్లిష్ మీడియమే గానీ ఇళ్లలో అందరూ తెలుగే. ఇద్దరు మనుషుల్ని చూపించి వాళ్ల మధ్య తేడాలు ఇంగ్లిష్‌లో చెప్పించాలి. మాటలు వచ్చు: టాల్, షార్ట్, లాంగ్, కర్లీ, థిన్, ఓల్డ్, యంగ్. బొమ్మ చూపిస్తే టక్కున చెప్పేస్తారు. వాక్యం దగ్గరే బండి ఆగిపోతోంది. నోటుపుస్తకాల్లో ఉన్నవి ఉన్నట్టుగా:

"షి ఈజ్ లాంగ్ హెయిర్."
"రవి దాన్ సీత టాల్."
"హి హ్యాజ్ టాల్."
"మై అక్క ఈజ్ బిగ్ దాన్ మి."
"మై నానమ్మ ఆర్ వైట్ హెయిర్స్."

దిద్ది పదేసిసార్లు రాయిస్తే రెండు రోజులు బాగుంటాయి, మూడో రోజు మళ్లీ మామూలే. ఇంకో చిక్కు. నెట్‌లో దొరికే వర్క్‌షీట్ల నిండా నీలికళ్లు, బంగారు రంగు జుట్టు. ఇక్కడేమో అందరిదీ నల్లజుట్టు, అందరికీ ఒకటే యూనిఫాం, ఆడపిల్లలందరికీ రిబ్బన్లతో రెండు జడలు. తేడాలు చెప్పమంటే చివరికి మిగిలేవి రంగూ, లావూ. అటు పోకుండా ఎలా నడపాలి? ఆరు పీరియడ్లు ఉన్నాయి, ఒక్కోటి 40 నిమిషాలు. జిరాక్స్ తీయించే వీలు లేదు.

పలకాబలపం:

ఆ అయిదింట్లో ఒక్కటీ నిర్లక్ష్యం వల్ల వచ్చిన తప్పు కాదండీ. ప్రతిదాని వెనకా ఒక సరైన తెలుగు వాక్యం కూర్చుని ఉంది. అది కదలనంతవరకూ పదిసార్లు రాయించినా పోదు.

మొదటిది, మూడోది కలిపి చూడండి. "ఆమె పొడుగు" అనడానికి తెలుగులో క్రియే అక్కర్లేదు. "ఆమెకి పొడుగు జుట్టు ఉంది" అంటే "ఉంది" కావాలి. ఆ "ఉంది"ని పిల్లలు అప్పటికే "ది బుక్ ఈజ్ ఆన్ ది టేబుల్" దగ్గర "ఈజ్" అని నేర్చేసుకున్నారు. ఇక్కడ అదే "ఉంది" "హ్యాజ్"గా మారాలని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. అందుకే మొదటి రెండు పీరియడ్లలో పోలిక జోలికి పోవద్దు. ఒక్క మనిషి గురించే మాట్లాడించండి. "ఈజ్"కీ "హ్యాజ్"కీ తేడా గట్టిపడ్డాకే రెండో మనిషిని తీసుకురండి.

పిల్లలకు ఇవ్వాల్సిన గుర్తు ఒకటే: వాక్యం చివర చేత్తో పట్టుకోగలిగేది ఉందా? జుట్టు, మీసం, బ్యాగు, జడ ఉంటే "హ్యాజ్". పట్టుకోవడానికి ఏమీ లేని గుణమైతే, అంటే టాల్, షార్ట్, యంగ్, స్ట్రాంగ్ లాంటివైతే, "ఈజ్". దీనికి చేతి సైగలు పెట్టండి. "ఈజ్" అన్నప్పుడు అరచేతిని తలనుంచి కిందికి దించాలి, "హ్యాజ్" అన్నప్పుడు గుప్పిట మూయాలి. మీరు తోక మాత్రమే అంటారు: "కర్లీ హెయిర్". పిల్లలు ముందు సైగ చేస్తారు, తర్వాత పూర్తి వాక్యం చెబుతారు. "టాల్", "ఎ రెడ్ బ్యాగ్", "స్ట్రాంగ్", "షార్ట్ హెయిర్"... ఇలా 12 తోకలు, అయిదు నిమిషాలు చాలు. సైగ తప్పితే మీరు వాక్యం వినకముందే తెలిసిపోతుంది, 32 మందిలో ఎవరు తడబడుతున్నారో ఒక్క చూపులో దొరుకుతారు.

ఒక్క జాగ్రత్త. "హి ఈజ్ ఎ డాక్టర్" ఈ గుర్తుకి లొంగదు, డాక్టర్ని పట్టుకోవచ్చు కదా! కాబట్టి ఈ రెండు పీరియడ్లలో వృత్తుల మాట ఎత్తకండి.

"ఈజ్", "హ్యాజ్" తర్వాత మూడోది "ఈజ్ వేరింగ్". ఇక్కడ కథ తిరగబడుతుంది. తెలుగులో చీర కట్టుకుంటాం, చొక్కా వేసుకుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం, పూలు పెట్టుకుంటాం, వాచీ కట్టుకుంటాం. అన్నిటికీ ఇంగ్లిష్‌లో "వేర్" ఒక్కటే సరిపోతుంది. చెప్పకపోతే "షి ఈజ్ టయింగ్ శారీ" అంటారు. చెబితే మాత్రం సంబరపడతారు, మూడు క్రియలకి బదులు ఒకటి నేర్చుకుంటే చాలు కదా.

నానమ్మ సంగతి. "నానమ్మ వచ్చారు" అన్న మర్యాదే అక్కడ "ఆర్" అయి కూర్చుంది. నానమ్మని "షి" అనడం పిల్లలకి "అది" అన్నట్టు వినిపిస్తుంది. పైగా తెలుగులో "పాప వచ్చింది", "పిల్లి వచ్చింది" అనే రెండిటికీ క్రియ ఒకటే. "ఇంగ్లిష్‌లో మర్యాద షి, హి మాటల్లో ఉండదు, మాట్లాడే తీరులో ఉంటుంది" అని ఒక్కసారి తెలుగులోనే చెప్పేయండి. ఇలాంటివి ఇంగ్లిష్‌లో వివరించబోతే పీరియడ్ అంతా దానికే పోతుంది. "హెయిర్స్" వచ్చింది "వెంట్రుకలు"లోంచి. తల మీద ఉన్నదంతా కలిపి "జుట్టు", ఏకవచనం, "హెయిర్" కూడా అంతే అనండి, పట్టేస్తారు.

కొలటేపు:

పై సమాధానం తర్వాత మూడో పీరియడ్ నుంచి నేను అందుకుంటాను. "రవి దాన్ సీత టాల్" అనేది "రవి కంటే సీత పొడుగు"కి అచ్చంగా నకలు. దాంట్లో "ఈజ్" లేకపోవడం కాక ఇంకో రెండు తప్పులున్నాయి. ఒకేసారి రెండూ దిద్దితే ఒక్కటీ నిలవదు.

మొదటి తప్పు వరుస. తెలుగులో "కంటే" పేరుకి వెనకాల అతుక్కుంటుంది, ఇంగ్లిష్‌లో "దాన్" పేరుకి ముందు వస్తుంది. అట్టముక్కల మీద ఒక్కో మాట రాయండి, కానీ "దాన్"ని విడిగా రాయొద్దు. "దాన్ రవి", "దాన్ సీత" అని పేరుతో కలిపి ఒకే అట్ట మీద రాయండి. విడిగా ఇస్తే పిల్లలు దాన్ని తీసుకెళ్లి పేరు వెనకే పెడతారు. నాలుగు అట్టలు, నలుగురు పిల్లలు: "సీత", "ఈజ్", "టాలర్", "దాన్ రవి". ముందు తెలుగు వరుసలో నిలబెట్టి చదివించండి, తర్వాత ఇంగ్లిష్ వరుసలోకి నడిపించండి. "దాన్ రవి" పట్టుకున్న పిల్ల మొదటి చోటునుంచి చివరికి నడిచి వెళ్లడం క్లాసంతా చూడాలి. ఆ నడకే పాఠం.

ఇక్కడే ఒక పరీక్ష పెట్టండి, చాలామంది వదిలేసేది ఇదే. "సీత ఈజ్ టాలర్ దాన్ రవి" అని బోర్డు మీద రాసి "ఎవరు పొట్టి?" అని అడగండి. మాటలన్నీ తెలిసిన పిల్లలు కూడా "సీత" అనేస్తారు. తెలుగులో మొదట వినిపించే పేరు పొట్టివాళ్లది మరి.

రెండో తప్పు తోక. తెలుగులో పోలికకి విశేషణం మారదు, పొడుగు పొడుగే. ఇంగ్లిష్‌లో మాట చివర ఈ, ఆర్ అనే రెండక్షరాలు చేరాలి. బట్టలు ఆరేసే క్లిప్పు మీద ఆ రెండక్షరాలూ రాసి, "టాల్" అట్ట అంచుకి తగిలించండి. ఇద్దరు మనుషులుంటేనే క్లిప్పు, ఒక్కరైతే క్లిప్పు తీసేయాలి. "మోర్ టాలర్" అన్న పిల్లాడికి "ఒక మాటకి ఒకటే క్లిప్పు" అంటే చాలు. స్పెల్లింగులో ఎనిమిది మాటలు దాటొద్దు: టాల్, షార్ట్, లాంగ్, ఓల్డ్, యంగ్, స్ట్రాంగ్, ఫాస్ట్, బిగ్. వీటిలో చివరక్షరం రెట్టింపయ్యేది "బిగ్" ఒక్కటే. "కర్లీ"లో చివరి వై, ఐగా మారే గొడవ అయిదో తరగతికి వదిలేయండి. "దాన్", "దెన్" స్పెల్లింగులు కలిసిపోతాయి, ఒకదాంట్లో ఏ, ఇంకోదాంట్లో ఈ. రాతలో తప్పు పోతుంటే ఆ అక్షరాన్ని రంగు సుద్దతో రాయండి, అంతకు మించి టైం పెట్టక్కర్లేదు.

పోల్చడానికి మనుషుల కంటే ముందు రెండు చీపురుపుల్లలు తీసుకోండి. ఎవరి మనసూ నొచ్చుకోదు, "లాంగర్ దాన్" నోటికి వస్తుంది. తర్వాత పిల్లల్ని కొలవండి, కానీ ఎత్తు ఒక్కటే కొలవకండి. అదొక్కటే కొలిస్తే క్లాసులో అందరికంటే పొట్టి పిల్లాడు 31 వాక్యాల్లో ఓడిపోతాడు. నాలుగు కొలతలు పెట్టండి: ఎత్తు, జాన, పాదం పొడవు, నిలబడి దూకిన దూరం. వరుస ప్రతిదాంట్లో మారుతుంది. చెప్పులు విప్పాలి, మడమలు గోడకి ఆనాలి, స్కేలు తలమీద అడ్డంగా పెట్టాలి. లేకపోతే ఒకే పిల్లాడికి రెండుసార్లు రెండు అంకెలొచ్చి తగువు మొదలవుతుంది. ఒక్కొక్కరి చీటీ మీద నాలుగు అంకెలు. పక్కవాళ్ల చీటీతో చూసుకుని నాలుగు వాక్యాలు చెప్పాలి: "మై ఫుట్ ఈజ్ లాంగర్ దాన్ యువర్ ఫుట్." ఇందులో చివరి "ఫుట్" పిల్లలు మింగేస్తారు, "లాంగర్ దాన్ యు" అంటారు. తెలుగులో మనమూ "నీకంటే నా పాదం పొడుగు" అనేస్తాం కాబట్టి కోప్పడకండి, ఒకసారి సరిగ్గా అని వదిలేయండి.

జాన దగ్గర సరదా ఒకటుంది. ఒకే బెంచీని ఇద్దరితో జానలతో కొలిపించండి. ఒకరికి 9 జానలు, ఇంకొకరికి 10 వస్తే ఎవరి చెయ్యి పెద్దది? సగం మంది పదన్నవాడిదే అంటారు.

సుద్దముక్క:

చాలా ఉపయోగంగా ఉన్నాయండీ. "బిగ్ దాన్ మి" మిగిలిపోయింది. "ఓల్డర్" చెప్పబోతే తొమ్మిదేళ్ల పిల్లని ఓల్డ్ అంటారా అని నవ్వుతారు, వాళ్లకి "ఓల్డ్" అంటే ముసలి. అలాగే ఒకలాగే ఉన్నవాటిని చెప్పించాలన్నా "సేమ్ టు సేమ్" తప్ప ఇంకేం రావడం లేదు.

పలకాబలపం:

"పెద్ద"లో రెండున్నాయి, సైజూ వయసూ. "పొడుగు"లో కూడా రెండే: నిలబడి ఉంటే టాల్, వేలాడినా పడుకుని ఉన్నా లాంగ్. చెట్టు టాల్, జడ లాంగ్. ఈ మాటల్ని తెలుగు అర్థం ఎదురుగా రాసి బట్టీ పట్టిస్తే ఎప్పటికీ విడిపోవు. బోర్డు మీద "పెద్ద" అని తెలుగులోనే రాసి, దాని కింద రెండు దారులు గీసి, ఒక దారిలో ఏనుగు బొమ్మ, ఇంకో దారిలో పుట్టినరోజు కేకు వేయండి. ఏనుగు దారి "బిగ్గర్", కేకు దారి "ఓల్డర్".

ముసలి అన్న నవ్వు పోవాలంటే "ఐ యామ్ నైన్ ఇయర్స్ ఓల్డ్" గుర్తు చేయండి, ఒకటో తరగతి నుంచీ అంటున్నారు కదా. పుట్టిన నెల ప్రకారం వరుసగా నిలబెట్టి, పక్కవాళ్ల గురించి "లత ఈజ్ ఓల్డర్ దాన్ మి" అనిపించండి. ఇంకో సంగతి: అక్క, చెల్లి, అన్న, తమ్ముడు అన్న మాటల్లోనే మనకి పెద్దాచిన్నా తెలిసిపోతుంది, ఇంగ్లిష్ "సిస్టర్"లో తెలియదు. కాబట్టి కుటుంబం గురించి చెప్పేటప్పుడు "ఎల్డర్ సిస్టర్" నేర్పొచ్చు, కానీ "ఎల్డర్ దాన్ మి" అనకూడదు, పోలికకి "ఓల్డర్" మాత్రమే.

ఒకలా ఉన్నవాటికి "బోత్" సులువు. "వి బోత్ హ్యావ్ టూ బ్రదర్స్." దీని తర్వాత "హ్యాజ్" వచ్చేస్తుంది, అప్పుడప్పుడే నేర్చుకున్నారు కాబట్టి. "ఇద్దరంటే హ్యావ్" అని గోడమీద రాసి పెట్టండి. "సేమ్" కావాలంటే "ది సేమ్ హైట్ యాజ్ రవి" అని ఒకే ముక్కగా నేర్పండి. "సేమ్ లైక్ రవి" అని అలవాటైతే వదిలించడం కష్టం.

వెనకబెంచీ:

యూనిఫాం సమస్యకి వస్తాను. శరీరం మీద తేడాలు వెతికితే మీరన్నట్టే రంగు దగ్గరికి తేలుతుంది. కళ్ల రంగు కూడా ఎత్తకండి. మనం నల్లకళ్లు అనుకున్నవి ఇంగ్లిష్‌లో "డార్క్ బ్రౌన్ ఐస్", "బ్లాక్ ఐ" అంటే దెబ్బ తగిలి కమిలిన కన్ను. మనుషుల మధ్య తేడా అంటే ఒళ్లు మాత్రమే కాదని పాఠ్యపుస్తకం చెప్పకపోయినా మనం చెప్పొచ్చు. బడికి ఎలా వస్తారు (నడిచి, సైకిల్ మీద, ఆటోలో), ఇంట్లో ఎంతమంది, ఏం ఇష్టం, ఏం చేయగలరు (ఈత, చెట్టెక్కడం, ముగ్గు వేయడం, మేక పాలు పితకడం). వీటికి వాక్యం అచ్చు: "రాజు కెన్ స్విమ్, బట్ లత కాంట్." "లత లైక్స్ జామకాయ, బట్ రాజు డజన్ట్." జామకాయకి ఇంగ్లిష్ రాకపోతే జామకాయ అనే అననివ్వండి, వాక్యం నేర్పుతున్నారు గానీ పళ్ల పేర్లు కాదు.

నేల మీద సుద్దతో ఒకదానిమీదొకటి ఎక్కిన రెండు పెద్ద సున్నాలు గీయండి. ఎడమ సున్నా రాజుది, కుడిది లతది, మధ్యలో కలిసిన చోటు ఇద్దరిదీ. మిగతావాళ్లు వాళ్లని అడిగి తెలుసుకున్న ఒక్కో సంగతి చీటీ మీద రాసి సరైన చోట పెడతారు. పక్కల్లో ఉన్నవాటికి "బట్" వాక్యం, మధ్యలో ఉన్నవాటికి "బోత్" వాక్యం. మధ్యభాగం కనీసం నాలుగు చీటీలు పట్టేంత వెడల్పుండాలి. ఇరుకైతే పిల్లలు అన్నీ పక్కలకే తోసేస్తారు.

జిరాక్స్ లేకుండా తేడాలు కనిపెట్టే ఆట: బోర్డు మీద ఒక మనిషి బొమ్మ గీయండి, పుల్లల మనిషైనా ఫర్వాలేదు. అందరూ నోటుబుక్కులో దించుకోవాలి. తర్వాత ప్రతి ఒక్కరూ నాలుగు మార్పులు రహస్యంగా చేయాలి: టోపీ, మీసం, బ్యాగు, జుట్టు, చెప్పులు, గొడుగు, ఏవైనా. జంటలుగా కూర్చుని మధ్యలో బ్యాగులు నిలువుగా అడ్డం పెట్టాలి. ఒకరి బొమ్మ ఇంకొకరికి కనపడితే ఆట చచ్చిపోతుంది, చూపించి "ఇది చూడు" అంటే చాలు, ఇంగ్లిష్‌తో పనే ఉండదు. "మై మ్యాన్ హ్యాజ్ ఎ మౌస్టాష్." "మై మ్యాన్ హ్యాజ్ నో మౌస్టాష్." ఇలా తేడాలు లెక్కపెట్టుకోవాలి. ఎనిమిది నిమిషాలు చాలు, దాటితే గోల.

ఈ ఆటలో పాడయ్యేది ఒకటే. పిల్లలు వాక్యం మానేసి "టోపీ! రెడ్! నో టోపీ!" అంటారు. దానికి చింతగింజలు పెట్టండి. ప్రతి పిల్లకీ ఆరు గింజలు. పూర్తి వాక్యం చెబితేనే ఒక గింజ మధ్యలో పడుతుంది. ఒప్పుకునే అధికారం టీచరుది కాదు, ఎదుటి పిల్లది. టీచరు కంటే గట్టిగా చూస్తారు.

ముఖాల ఆట (ఒకరు మనసులో ఒక ముఖం అనుకుంటే, ఇంకొకరు అవును, కాదు ప్రశ్నలతో అదేదో కనుక్కోవడం) కావాలంటే 16 ముఖాలు బోర్డు మీద గీయండి. నాలుగు లక్షణాలు, ఒక్కోటి రెండు రకాలు: కళ్లజోడు ఉందా లేదా, జుట్టు పొడుగా పొట్టా, టోపీ ఉందా లేదా, నవ్వుతోందా లేదా. అన్ని కలయికలూ వేస్తే సరిగ్గా 16 వస్తాయి, నాలుగు ప్రశ్నలకి తప్పకుండా తేలుతుంది. ఏదో తోచినట్టు గీస్తే కొన్ని ముఖాలు ఒక్క ప్రశ్నకే దొరికిపోతాయి, కొన్ని ఎప్పటికీ దొరకవు. ప్రశ్నలో వచ్చే తప్పు "డజ్ హి హ్యాజ్". "హ్యాజ్"లోని చివరి సవ్వడి "డజ్" ఎత్తుకుపోయింది, అందుకే "హ్యావ్" మిగిలింది అంటే పిల్లలకి గుర్తుంటుంది. "గ్లాసెస్" ముందు "ఎ" పెడతారు, అది కూడా చూసుకోండి.

రెండుజడలు:

అంతా బాగుంది గానీ రంగు మాట అసలే ఎత్తొద్దనడం నాకు నచ్చలేదు. ఎత్తకపోతే పిల్లలు ఎత్తరా? ఇంటర్వెల్‌లో పేర్లు పెట్టుకునేది దాన్ని బట్టే. క్లాసులో ఎవరూ పలకని మాటైతే అది సిగ్గుపడాల్సిన విషయమని వాళ్లే తేల్చుకుంటారు. మన భాషలో ఈ మాటలకి తూకం ముందే వేసి ఉంది: "ఎర్రగా ఉంది" అంటే మెచ్చుకోలు, "నల్లగా ఉన్నా కళగా ఉంది"లో ఆ "ఉన్నా" చూడండి. "ఫెయిర్" కూడా అదే తూకంతో వాడతారు. హిందుస్థాన్ యూనిలీవర్ వాళ్లే 2020లో తమ క్రీము పేరులోంచి ఆ మాట తీసేసి "గ్లో అండ్ లవ్లీ" చేశారు.

పోలిక లేకుండా, ఒక్క మనిషి పాఠంలో, ఎవరి బొమ్మ వాళ్లు వేసుకునేటప్పుడు నేర్పొచ్చు. గోధుమరంగు క్రేయాన్‌తో మొదలుపెట్టి, పసుపో నారింజో నలుపో కలిపి తమ చేతిరంగు తెచ్చుకోవాలి. "మై స్కిన్ ఈజ్ బ్రౌన్." "డార్క్ బ్రౌన్", "లైట్ బ్రౌన్" రెండూ క్రేయాన్ పేర్లలాగే చెప్పాలి. "స్కిన్ కలర్" అని పేరున్న లేత క్రేయాన్ డబ్బాలో ఉంటే ముందే తీసేయండి. ఈ మాటలకి మాత్రం క్లిప్పు వద్దు. "డార్కర్ దాన్" ఆ క్లాసులో వినపడకూడదు.

కొలటేపు:

రెండుజడలు గారూ, సొంత బొమ్మ వరకూ ఒప్పుకుంటాను. కానీ 32 మందిని ఒక్కరే చూసుకునే క్లాసులో, క్రేయాన్ల పక్కనే ఎవరో ఒకరు "నీకు నలుపు సరిపోతుందిరా" అంటారు, టీచరు వినరు. ముందు అయిదారు రోజులు పిల్లల తీరు చూసి, తర్వాతే ఆ పీరియడ్ పెట్టుకోవడం మేలు. లావు, సన్నం మాత్రం కల్పిత మనుషులకే. ఇద్దరు రాక్షసుల బొమ్మలు గీయండి, ఒకడికి మూడు కళ్లు, ఒకడికి పెద్ద పొట్ట. వాళ్లని ఎంత పోల్చినా ఏడవరు.

అయినా ఎవరైనా క్లాస్‌మేట్‌ని చూపిస్తూ "షి ఈజ్ ఫాట్" అంటే, వ్యాకరణం బాగుందని మెచ్చుకోకండి, పెద్ద ఉపన్యాసమూ ఇవ్వకండి. ఉపన్యాసం ఇస్తే ఆ పిల్ల వైపు అందరూ తిరుగుతారు. "నాట్ ఇన్ దిస్ గేమ్. టెల్ మి వాట్ షి కెన్ డు" అని అదే పిల్లాడితో ఇంకో వాక్యం చెప్పించి ముందుకి పోండి. మాట్లాడాల్సింది తర్వాత, విడిగా.

వినికిడి మిషన్, వీల్‌చైర్, కర్ర వాడే పిల్లలుంటే "యూజెస్" అన్న అచ్చు ఇవ్వండి: "హి యూజెస్ ఎ వీల్‌చైర్." కుంటి, గుడ్డి లాంటి మాటలకి ఇంగ్లిష్ ఏమిటని అడుగుతారు. చెప్పకండి, ఈ వాక్యం చెప్పండి. ఆ పిల్లని ఉదాహరణగా వాడే ముందు ఆ పిల్లనే అడగండి.

సుద్దముక్క:

అందరికీ ధన్యవాదాలండీ. రెండు పీరియడ్లు ఈజ్, హ్యాజ్, వేరింగ్. మూడు, నాలుగు క్లిప్పులు, చీటీలు. అయిదు సున్నాలు, చింతగింజలు. ఆరోది రాత. రాతలో ఏం దిద్దాలి? ఒక్కో పిల్లకి అయిదు వాక్యాలంటే 160 అవుతాయి.

పలకాబలపం:

అన్నీ దిద్దొద్దు. ముందే బోర్డు మీద రాసేయండి, ఈరోజు చూసేది రెండే: "ఈజ్, హ్యాజ్" సరిగ్గా పడిందా, క్లిప్పు ఇద్దరున్న వాక్యానికే పెట్టారా. స్పెల్లింగు తప్పుంటే కింద చుక్క పెట్టి వదిలేయండి. రాసేది కూడా క్లాసులో పిల్లల గురించి కాకుండా ఇంట్లో ఇద్దరి గురించి రాయించండి, అమ్మమ్మ, మావయ్య, ఎవరైనా. మొదటి రెండు వాక్యాలు ఒక్కరి గురించి, మూడు, నాలుగు "దాన్"తో, అయిదోది "బోత్"తో. ఈ మూడు రకాల వాక్యాలకీ వేరువేరు తప్పులొస్తాయి కాబట్టి పుస్తకం చూసిన వెంటనే ఏ పీరియడ్ మళ్లీ చెప్పాలో తెలుస్తుంది. "బోత్ హ్యాజ్" పది పుస్తకాలకి మించి కనపడితే ఏడో పీరియడ్ అడిగి తీసుకోండి.